"అణచి, కుదిలించి, దిగజారునట్లు": లూకా 6:38లో కొలత మాటలు

ప్రశ్న: లూకా సువార్తలో "ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును, అణచి, కుదిలించి, దిగజారునట్లు నిండు కొలతను మనుష్యులు మీ ఒడిలో కొలుతురు" అని ఉంది. దిగజారడం అంటే చెడిపోవడం కదా? మంచి కొలతకు ఆ మాట ఎందుకు వాడారండీ?

జవాబు: ఇక్కడ దిగజారడం అంటే అచ్చంగా కిందికి జారడమేనండీ. 'దిగజారుడు రాజకీయాలు' అని పేపర్లో రోజూ చదివి చదివి మనకు చెడ్డ అర్థమే ముందు తడుతోంది.

మానికతోనో కుంచంతోనో వడ్లు కొలవడం చూసినవాళ్లకు ఈ మూడు మాటలూ ఒకదాని వెంట ఒకటి కళ్లకు కడతాయి. గింజలు వదులుగా పోసి, అంచు దగ్గర చేత్తో గీసేసినా కొలత సరిపోయినట్టే, ఎవరూ తప్పు పట్టరు. ఇవ్వాలనే మనసున్నవాడు అక్కడితో ఆగడు. అరచేత్తో అదుముతాడు, అది అణచడం. కుంచాన్ని అటూ ఇటూ ఊపి గింజల మధ్య సందులు పూడుస్తాడు, అది కుదిలించడం. దిగిన మేరకు మళ్లీ పోస్తాడు. ఇక పైన కుప్ప నిలవక గింజలు అంచుల మీదుగా జారిపోతాయి. పుచ్చుకునేవాడు కొసరు అడగాల్సిన అవసరమే రాదు.

'ఒడి' కూడా ఎంత చక్కగా కుదిరిందో చూడండి. గ్రీకులో ఉన్న 'కోల్పోస్'కు, నడుం దగ్గర పైవస్త్రం మడతలో ఏర్పడే జాగా అనే అర్థం కూడా ఉంది. గింజలు అందులో పోయించుకునేవారు. తెలంగాణలో ఆడపడుచుకు ఒడి బియ్యం పోసే ఇళ్లలో ఈ వచనానికి వివరణే అక్కర్లేదు.

అయితే చర్చిలో కానుకల సమయంలో దీన్ని వడ్డీ లెక్కలా చెప్పడం వింటే నాకు బాధగా ఉంటుంది. ఇంత వేస్తే అంతకు పదింతలు వస్తుందని చెప్తారు. కాస్త పైన 35వ వచనం ఏమంటోంది? దేవుడు "కృతజ్ఞతలేనివారియెడలను దుష్టులయెడలను ఉపకారియై యున్నాడు" అంటోంది. ఆ వెంటనే, మీ తండ్రిలాగే మీరూ కనికరంతో ఉండండి అంటోంది. అంటే తిరిగి ఇవ్వలేనివాళ్లకు, కనీసం థాంక్స్ కూడా చెప్పనివాళ్లకు దేవుడు ముందే కుంచం నింపి పోశాడు. ఆ గింజలు మన ఒడిలో ఉన్నాయి కాబట్టి పక్కవాడికి గీసి కొలవడానికి చెయ్యి రాదు. లాభం ఆశ పెట్టి ఇప్పించాలనుకుంటే 35వ వచనాన్ని కొట్టేయాల్సిందే.

ఇంకో ప్రశ్న: మరి కొలిచేది "మనుష్యులు" అని స్పష్టంగా ఉంది కదండీ? ఇందులో దేవుడు ఇవ్వడం ఎక్కడుంది?

జవాబు: గ్రీకు మూలంలో అక్కడ కర్త లేదండీ. 'ఇస్తారు' అని బహువచన క్రియ మాత్రమే ఉంది. వాక్యం పూర్తి కావడానికి మన అనువాదంలో 'మనుష్యులు' చేరింది. దేవుని పేరు నేరుగా ఎత్తకుండా ఆయన పనిని అలా చెప్పడం యూదుల మాటతీరులో ఉంది. అందుకే ఇచ్చేవాడు దేవుడేనని చాలామంది వ్యాఖ్యాతలు చెప్తారు. మనుషుల చేతుల మీదుగా వచ్చినా పోసేది ఆయనే అని నేను చదువుకుంటాను. 'మీకియ్యబడును'లో కూడా ఎవరిచేత అన్నది చెప్పలేదు, గమనించండి.

మన పల్లె క్రైస్తవ సంఘాల్లో 'పిడికెడు బియ్యం' అలవాటు తెలిసినవాళ్లు ఈ గ్రూపులో ఉండే ఉంటారు. ఎసట్లో పోసే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళ్తుంది. మిజోరం ఆడవాళ్లు 1910లో మొదలుపెట్టిన 'బుహ్‌ఫాయ్ తామ్' కూడా ఇలాంటిదే. ఈ పూట మన పొయ్యి మీదికి దేవుడు ఇచ్చాడు కాబట్టి ఈ పూటే అందులోంచి ఇవ్వాలన్నది దాని వెనుక ఉన్న నమ్మకం. నెలాఖరున మిగిలితే చూద్దాం అనే మాట అందులో లేదు.

మీ వైపు ఆ బియ్యాన్ని ఏమంటారు? గుప్పెడు బియ్యమా, పిడికిలి బియ్యమా? కుంచం మీద పైకి నిలిచే కుప్పకు విడిగా పేరుందా? జిల్లా పేరుతో సహా రాయండి.