"విడిపింపదగదా": లూకా 13:16లోని ప్రశ్న గురించి

లూకా సువార్త 13వ అధ్యాయం 10 నుంచి 17 వరకు గల వచనాలలో, 18 ఏళ్లుగా నడుము వంగిపోయి ఎంతమాత్రమూ నిటారుగా నిలువలేని ఒక స్త్రీ వృత్తాంతం ఉంది. విశ్రాంతి దినాన, అంటే యూదులు పని మానే ఏడవ దినాన, వారి ప్రార్థనాస్థలమైన సమాజమందిరంలో బోధిస్తున్న యేసు ఆమెను చూసి, దగ్గరకు రమ్మని, "అమ్మా" అని సంబోధించి, ఆమె మీద చేతులుంచాడు. ఆమె వెంటనే చక్కగా నిలబడి దేవుణ్ణి మహిమపరిచింది. తనను బాగుచేయమని ఆమె అడిగినట్టు లూకా ఎక్కడా రాయలేదు. యూదుల ధర్మశాస్త్రం కన్నా దయ గొప్పదని చెప్పడానికే ఈ కథ ఉన్నదని చాలామంది వివరిస్తారు. ఆ వివరణ నాకు చాలదనిపిస్తుంది, ఎందుకంటే యేసు ఇక్కడ ధర్మశాస్త్రాన్ని పక్కకు నెట్టడం లేదు, దాని లోపల నుంచే వాదిస్తున్నాడు.

మొదట సమాజమందిరపు అధికారి మాటను చూద్దాం. అతనికి కోపం వచ్చింది యేసు మీద, కానీ మందలించింది జనాన్ని: పనిచేయదగిన ఆరు దినములు కలవు, ఆ దినములలోనే వచ్చి స్వస్థత పొందండి అన్నాడు. ఆ స్త్రీ పేరెత్తకుండానే తప్పంతా ఆమె రాకలో ఉన్నట్టు మాట్లాడాడు. అయితే అతని వాదన తెలివితక్కువది కాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు విశ్రాంతి దిన నియమాన్ని దాటవచ్చునని యూదుల బోధకులు అంగీకరించారు, సుమారు క్రీ.శ. 200 నాటికి సంకలితమైన యూదు బోధకుల ధర్మ నియమాల గ్రంథం మిష్నాలో, ప్రాణాపాయం ఉందేమో అన్న సందేహం కలిగినా చాలునని ఉంది. 18 ఏళ్ల నాటి వ్యాధి ఆ కోవలోకి రాదు. సూర్యాస్తమయంతో విశ్రాంతి దినం ముగుస్తుంది కాబట్టి కొన్ని గంటలు ఆగితే ఏ చిక్కూ ఉండేది కాదు. మార్కు సువార్త 1:32 ప్రకారం కపెర్నహూము ప్రజలు పొద్దు గుంకాకనే తమ రోగులను యేసు దగ్గరకు తెచ్చారు. అలా ఆగడం వారికి అలవాటే.

యేసు సమాధానం ఈ ఆగడం గురించే. మీలో ప్రతివాడూ విశ్రాంతి దినాన తన ఎద్దునో గాడిదనో గాడి దగ్గర నుంచి విప్పి, తోలుకొనిపోయి నీళ్లు పెడతాడు గదా అంటాడు; అలాంటప్పుడు 18 ఏళ్లుగా సాతాను బంధించిన, అబ్రాహాము కుమార్తెయైన ఈమెను విశ్రాంతి దినాన ఈ కట్ల నుంచి విడిపింపదగదా అని అడుగుతాడు. పశువులున్న ఇంట్లో పెరిగిన వారెవరికైనా ఇది వెంటనే బోధపడుతుంది: పండుగైనా పబ్బమైనా దప్పికగొన్న ఎద్దును సాయంత్రం దాకా పలుపుతో కట్టి ఉంచరు. మిష్నా లెక్కించిన 39 రకాల నిషిద్ధ పనుల్లో ముడి వేయడం, ముడి విప్పడం రెండూ ఉన్నాయని గుర్తుంచుకుంటే, యేసు ఈ ఉదాహరణనే ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదేమోనని నాకు అనిపిస్తుంది.

ఎద్దు, గాడిద అనే జంటను కూడా గమనించాలి. పది ఆజ్ఞలు బైబిలులో రెండు చోట్ల ఉన్నాయి. విశ్రాంతి దినపు ఆజ్ఞలో, నిర్గమకాండము 20:10 హీబ్రూ పాఠంలో పశువు అని మాత్రమే ఉండగా, ద్వితీయోపదేశకాండము 5:14లో ఎద్దు, గాడిద అని పేర్లతో చెప్పబడింది. ఆజ్ఞకు చెప్పిన కారణం కూడా ఈ రెండు చోట్లా వేరు. నిర్గమకాండము, దేవుడు ఆరు దినాలలో సృష్టి చేసి ఏడవ దినాన విశ్రమించాడు కనుక అంటుంది. ద్వితీయోపదేశకాండము మాత్రం, నీ దాసుడూ దాసీ నీలాగే విశ్రమించాలి, నీవు ఐగుప్తులో (ఈజిప్టులో) దాసుడవై ఉండగా దేవుడు నిన్ను బయటకు తెచ్చాడని జ్ఞాపకం చేసుకో, అందుకే ఈ దినాన్ని ఆచరించు అంటుంది. ఈ రెండవ కారణాన్ని తీసుకుంటే, కట్టుబడి ఉన్నవారికి విడుదల కలగడం విశ్రాంతి దినానికి భంగం కాజాలదు. ఆ దినం ఏర్పడిన ఉద్దేశమే అది.

అందుకే 16వ వచనంలోని "విడిపింపదగదా" అన్న క్రియ నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. అధికారి "పనిచేయదగిన" దినాలను లెక్కపెడితే, యేసు అదే "తగు"ను తీసుకొని ప్రశ్నగా తిప్పాడు. గ్రీకు మూలంలోనూ ఇద్దరి నోటా ఒకే క్రియ ఉంది. మన పాత అనువాదకులు ఆ సంబంధాన్ని చెడగొట్టలేదు. విశ్రాంతి దినాన విడిపించినా తప్పు లేదని మాత్రమే చెప్పదలిస్తే, "విడిపింపకూడదా" అన్న రూపం సరిపోయేది. "తగదా" అనేసరికి, ఆ పని ఆ దినానికి తగినదే, అది చేయకపోవడమే తగనిది అన్న అర్థం వస్తుంది. కొందరు వాడుక భాషలోకి మార్చేటప్పుడు దీనిని "విడిపించకూడదా" అని రాస్తుంటారు, అప్పుడు యేసు అనుమతి కోరుతున్నట్టు వినిపిస్తుంది. నేనైతే "విడిపించడం తగినది కాదా" అనే రాస్తాను. వాక్యం కొంచెం బరువెక్కినా, ఆ స్త్రీని అందరి ఎదుట "అబ్రాహాము కుమార్తె" అని పిలిచినవాడు ఎవరి అనుమతి కోసమూ చూడలేదన్నది అందులో నిలుస్తుంది.