మారిషస్‌లో ఫర్నిష్డ్ ఇల్లు: వైజాగ్ నుంచి వస్తున్నాం, కాస్త చెప్పండి

సీతమ్మధార నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. ఎబెన్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల బయలుదేరుతున్నాం. నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప. ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో సముద్రం కనిపించే ఫర్నిష్డ్ ఫ్లాట్ ఒకటి ఫొటోల్లో చూసి ఇష్టపడ్డాం. ఓనరు రెండు నెలల అడ్వాన్సు ముందే పంపమంటున్నాడు. ఆలస్యమైతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాడట. పంపొచ్చా? ఇంకో చిన్న సంగతి. ప్రెషర్ కుక్కర్, మిక్సీ పట్టుకురావాలా, అక్కడే కొనుక్కోవాలా?

మర్రిపాలెం, మారిషస్ వచ్చి పదకొండేళ్లు:

పంపకు తమ్ముడూ. ఇల్లు చూడకుండా ఒక్క రూపాయి పంపకు. ఆ "వేరేవాళ్లు" ప్రతి ఇంటికీ ఉంటారు, ఇన్నేళ్లలో నేనొక్కరినీ చూడలేదు. మీ కంపెనీని అడిగి మొదటి రెండు మూడు వారాలు గెస్ట్‌హౌస్ లాంటిది ఏదైనా ఇప్పించుకో. ఈలోగా తిరిగి చూసుకుందువు గాని.

ఇక ఫ్లిక్ ఆన్ ఫ్లాక్. నువ్వు సముద్రం కోసం వెళ్తున్నావు, ఆఫీసేమో లోపల, ఎత్తు మీద. కారు లేకపోతే ఉదయం, సాయంత్రం బస్సుల్లోనే అయిపోతుంది. మెట్రో అటు పోదు. పోర్ట్ లూయీ నుంచి క్యూర్‌పీప్ దాకా రోజ్ హిల్, కత్ర్ బోర్న్ మీదుగా పోతుంది, ఎబెన్ వైపు ఒక కొమ్మ ఉంది. రోజ్ హిల్‌లో గాని కత్ర్ బోర్న్‌లో గాని ఇల్లు చూసుకుంటే పాప నిద్ర లేచాకే ఆఫీసుకి వెళ్లి, అది పడుకునేలోపు ఇంటికొస్తావు. సముద్రం ఆదివారం వెళ్లి చూడొచ్చు. బీచ్ రోడ్డులో పుట్టి పెరిగినవాళ్లం, కిటికీలోంచి రోజూ కనిపించకపోతే ఏమైపోతుంది?

ఎంవీపీ కాలనీ, ఇద్దరు పిల్లల తల్లి:

అన్నగారు చెప్పింది నిజమే గానీ అసలు సంగతి వదిలేశారు. ఇల్లు ఏ ఊళ్లో అన్నది తర్వాత. ఫర్నిష్డ్ ఇంట్లో సామాను లిస్టు కాగితం ఉంటుంది, ఫ్రెంచిలో "ఎతా దే ల్యో" అంటారు. ఇంట్లో ఏమేం ఉన్నాయి, ఏ స్థితిలో ఉన్నాయి అన్నీ అందులో రాస్తారు. చేరినప్పుడు ఒకసారి, ఖాళీ చేసేటప్పుడు ఒకసారి. మధ్యలో దాని ఊసు ఎవరూ ఎత్తరు. మీ అడ్వాన్సు ప్రాణం మాత్రం అందులోనే ఉంటుంది.

మా కథ వినండి. మేం జూలైలో దిగాం. ఇక్కడ జూలై అంటే చలికాలమని తెలిసీ స్వెటర్లు తేలేదు, వైజాగ్ బుద్ధి. అద్దె తక్కువని క్యూర్‌పీప్‌లో ఫర్నిష్డ్ ఇల్లు తీసుకున్నాం. ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 550 మీటర్ల ఎత్తున ఉంటుంది. వాన, పొగమంచు, మళ్లీ వాన. ఓనరు పేరు అచ్చ తెలుగు పేరు, నోటి వెంట వచ్చేది క్రియోల్. హాల్లో సింహాద్రి అప్పన్న పటం చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మనవాడే, ఇంకేం భయం అనుకున్నాను. రాత్రి ఎనిమిదింటికి నాలుగు పేజీల ఫ్రెంచి కాగితం చేతిలో పెట్టాడు. చిన్నది భుజం మీద నిద్రపోతోంది. మా ఆయన సంతకం పెట్టేశారు.

ఆరు నెలలకి బీరువా వెనక చెక్కకి బూజు పట్టింది. నా పట్టుచీరలు రెండు పోయాయి, అవి వేరే ఏడుపు. పద్నాలుగు నెలలకి ఖాళీ చేశాం. అప్పుడొచ్చాడు ఆ కాగితం పట్టుకుని. లిస్టులో వైన్ గ్లాసులు 12. మేం ఆ అట్టపెట్టె ఎన్నడూ తెరవలేదు, మా ఇంట్లో తాగేవాళ్లే లేరు. తెరిస్తే పదకొండు. ఒక్క గ్లాసు దొరకదు కాబట్టి సెట్టు మొత్తానికి డబ్బు. సోఫా దిండు వెనక మరక మేం రాకముందుదే, కానీ కాగితంలో "బాగుంది" అని ఉంది. బీరువా బూజు మా తప్పట, కిటికీలు తెరవలేదట. వానలో కిటికీలు ఎవరు తెరుస్తారండీ? ఆఖరికి కర్టెన్లకి పోపు వాసన వస్తోందని వాటి ఉతుకుడుకి కూడా పట్టుకున్నాడు. 22,000 మారిషస్ రూపాయల అడ్వాన్సులో చేతికొచ్చింది 3,500.

ఇప్పుడున్న ఇంట్లో చేరిన రోజు ప్రతి గదీ, ప్రతి సొరుగూ, గ్యాస్ పొయ్యి అడుగు, పరుపు రెండు వైపులా వీడియో తీశాను. కరెంటు మీటరు, నీళ్ల మీటరు రీడింగులు కూడా. ఆ రాత్రే ఓనరుకి పంపేశాను. అక్కర్లేని సామాను ఉంటే "ఇవి తీసుకెళ్లిపోండి, లిస్టులోంచి కొట్టేయండి" అని చెప్పండి. సిగ్గుపడకండి.

కంచరపాలెం:

మేడమ్ గారూ, చట్టం ప్రకారం ఖాళీ చేసిన నెలలోపు అడ్వాన్సు తిరిగివ్వాలి. మీరు గట్టిగా అడగాల్సింది.

మర్రిపాలెం:

ఏ చట్టం బాబూ? 1999 నాటి అద్దె చట్టం ఒకటుంది, అందులో ఎక్కడుందో చూపించు.

కంచరపాలెం:

సెక్షన్ నంబరు గుర్తులేదు గానీ ఉంది.

మర్రిపాలెం:

నువ్వు దుబాయ్‌లో ఉన్నప్పటి రూలేమో. తమ్ముడూ, నువ్వు అగ్రిమెంటులోనే రాయించుకో: అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ముందే ఖాళీ చేయాల్సొస్తే ఎన్ని నెలల నోటీసు, ఏసీ చెడితే ఖర్చెవరిది. కాగితం ఫ్రెంచిలో ఉంటే ఆఫీసులో ఎవరిచేతనైనా చదివించుకో. ఏజెంటుకి ఒక నెల అద్దె, దాని మీద 15 శాతం వ్యాట్.

కంచరపాలెం:

మా దగ్గర సగం నెలే తీసుకున్నాడు.

మర్రిపాలెం:

అయితే నీ ఏజెంటు దేవుడు. నంబరు నాకు పంపు.

గాజువాక:

ఎవరూ తుఫాను సంగతి ఎత్తలేదు. మనకి అక్టోబరు, నవంబరు అంటే భయం, ఇక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. 2014 హుద్‌హుద్‌లో మా రేకులషెడ్డు ఎగిరిపోతే చూసినవాణ్ని, అయినా ఇక్కడ మొదటిసారి రేడియోలో హెచ్చరిక విని నవ్వుకున్నాను. మన పోర్టులో ప్రమాద సూచికలు పదకొండు దాకా ఉంటాయి కదా, ఇక్కడ "ఒకటో తరగతి" అంటుంటే అదేం లెక్క అనిపించింది. ఇక్కడ నాలుగే. నాలుగంటే గంటకి 120 కిలోమీటర్ల ఈదురుగాలి వచ్చేసినట్టు. మూడుకే ఇంట్లో ఉండాలి.

1960లో కెరోల్ తుఫాను ఊళ్లకి ఊళ్లే ఊడ్చేసిన తర్వాత ఇక్కడివాళ్లు కాంక్రీటు ఇళ్లకి మళ్లారు, కాబట్టి గోడలు గట్టివే. నువ్వు చూడాల్సింది కిటికీలు: షట్టర్లు ఉన్నాయా, అద్దం ఒక్కటేనా? గ్రౌండ్ ఫ్లోరు అయితే వాన నీళ్లు ఎటు పోతాయో పక్కింటివాళ్లని అడుగు, ఓనరుని కాదు. 2024 జనవరిలో బెలాల్ తుఫాను వచ్చినప్పుడు పోర్ట్ లూయీ రోడ్ల మీద కార్లు కొట్టుకుపోయాయి. ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఉందో లేదో చూడు. ఎండాకాలంలో కుళాయి కొన్ని గంటలే వస్తుంది. మనకి అలవాటే అనుకో, కానీ ట్యాంకు లేకపోతే ఫర్నిష్డ్ ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉండి ఏం లాభం?

పెదవాల్తేరు, రిటైర్డ్:

మా అబ్బాయి అక్కడే. బాబూ, తూర్పు ముఖం ఇల్లు చూసుకో. వంటగది ఆగ్నేయంలో ఉండాలి. మిగతావి సర్దుకుంటాయి.

గాజువాక:

మావయ్యగారూ, ఇది భూమధ్యరేఖకి కింద వైపు. ఏడాదిలో ఎక్కువ నెలలు సూర్యుడు ఉత్తరం వైపు నుంచి వస్తాడు. గాలీ వానా ఆగ్నేయం నుంచి కొడతాయి. ఆగ్నేయం కిటికీ పక్కన పొయ్యి పెడితే గాలికి ఆరిపోతుంది. ఉత్తరం వైపు బాల్కనీ ఉంటే బట్టలు ఆరతాయి. మారిషస్ వాస్తు అంతవరకే.

పెదవాల్తేరు, రిటైర్డ్:

దిక్కులు మారవు నాయనా.

గాజువాక:

దిక్కులు మారవు, ఎండ మారుతుంది.

మర్రిపాలెం:

ఒక మాట. ఎంవీపీ అక్క అనుభవం చూసి ఇక్కడి తెలుగువాళ్ల మీద అనుమానం పెంచుకోకు. నూట యాభై ఏళ్ల పైమాట, వీళ్ల ముత్తాతలు కోరంగి ఓడల్లో చెరకు తోటలకి వచ్చారు. ఇక్కడ ఉగాదికి దేశమంతా సెలవు. మా ఓనరమ్మకి తెలుగు నాలుగు ముక్కలే వచ్చు, కానీ మా బాబుకి జ్వరమొస్తే అర్ధరాత్రి తనే కారు తీసింది. పెరట్లో మునగాకు కోసిస్తుంది, వాళ్లు "బ్రెద్ మురుమ్" అంటారు.

ఎంవీపీ కాలనీ, ఇద్దరు పిల్లల తల్లి:

నేను తెలుగువాళ్లని ఏమీ అనలేదు అన్నగారూ. పటం చూసి కాగితం చదవలేదన్నది నా తప్పు. ఇప్పుడూ ఏటా అప్పన్న పూజకి వెళ్తూనే ఉన్నాను, ఆయన కూడా వస్తాడు. పలకరించుకుంటాం. 12వ గ్లాసు ఏమైందని ఇద్దరం అడగం.

సీతమ్మధార నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ చాలా థాంక్స్. డబ్బు ఇప్పుడే పంపలేనని, వచ్చి చూశాక మాట్లాడతానని ఓనరుకి మెసేజ్ పెట్టాను. అప్పటి నుంచి జవాబు లేదు. కత్ర్ బోర్న్‌లో చూడటం మొదలుపెట్టాం. మరి కుక్కర్, మిక్సీ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఎంవీపీ కాలనీ, ఇద్దరు పిల్లల తల్లి:

మిక్సీ తెచ్చుకో తమ్ముడూ, 230 వోల్టులే, మనలాగే. ప్లగ్గు మాత్రం ఇంగ్లండు రకం మూడు చదరపు పిన్నులది, ఇక్కడ అడాప్టర్ కొనుక్కో. కుక్కర్‌కి ముందు పొయ్యి గ్యాసా, ఇండక్షనా అడుగు. ఇండక్షన్ అయితే మామూలు అల్యూమినియం కుక్కర్ పనికిరాదు, అడుగు స్టీలుది తేవాలి. ఏదైనా సరే, గాస్కెట్లు రెండు ఎక్కువ తెచ్చుకో. ఒకటి నాకు.