బ్రస్సెల్స్‌లో నాలుగు రోజులు: అమ్మానాన్నలతో వెళ్తున్నాం, భాష సంగతి ఏమిటి?

వేపచెట్టు:
నమస్కారం. ఆగస్టులో అమ్మానాన్నలను తీసుకుని బ్రస్సెల్స్ వెళ్తున్నాను. గది మిదీ స్టేషన్ దగ్గర తీసుకున్నాను. రెండు నెలలుగా ఫోనులో ఫ్రెంచి నేర్చుకుంటున్నాను, అదీ అంతంతమాత్రమే. తీరా ఇప్పుడు అక్కడ డచ్చి కూడా ఉంటుందని ఎవరో చెప్పారు. ఏ భాషలో మాట్లాడాలి? ఒక రోజు బ్రూజ్‌కు రైల్లో వెళ్లి రావాలని ఉంది. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. తెలిసినవారు చెప్పండి.

నల్లతుమ్మ:
ఆ ఊళ్లో ఆరేళ్లు ఉన్నాను. వేపచెట్టు గారూ, మాట్లాడటం గురించి బెంగ పెట్టుకోకండి. ఇంగ్లీషుతో రోజు గడిచిపోతుంది. అసలు చిక్కంతా బోర్డులు చదవడంలోనే ఉంది.

బ్రస్సెల్స్ చట్టప్రకారం ఫ్రెంచి, డచ్చి రెండు భాషల నగరం. అందుకని ప్రతి వీధికీ, ప్రతి స్టేషన్‌కూ రెండు పేర్లు. మీరు దిగబోయే మిదీ ఫ్రెంచి పేరు. డచ్చిలో అదే స్టేషన్ జౌద్. రెంటికీ అర్థం దక్షిణం. సెంట్రల్ స్టేషన్ పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి గండం లేదు. మెట్రోలో మాత్రం జాగ్రత్త. నాలుగు లైన్లూ కలిసే స్టేషన్‌ను ఫ్రెంచిలో ఆర్-ల్వా అంటారు, డచ్చిలో కున్స్ట్-వెట్. అక్కడి వీధుల పేర్లలోని కళలు, చట్టం అనే మాటలనే రెండు భాషల్లోనూ రాశారంతే. కొత్తవాళ్లు అవి రెండు స్టేషన్లనుకుని ఒకదాంట్లో నిలబడి రెండోదాన్ని వెతుకుతుంటారు. మన బెజవాడ, విజయవాడ అయితే వినగానే చుట్టరికం తెలుస్తుంది. వీటికి ఆ పోలిక కూడా ఉండదు.

తలుపుల సంగతి కూడా చెప్పాలి. ఒక వైపు పూసే, దువెన్ అని ఉంటే తోయాలి. తిరే, ట్రెకెన్ అని ఉంటే లాగాలి. ఆరేళ్లూ నేను ముందు తప్పుగా లాగి, తర్వాతే తోశాను.

మేడమీద గది:
రైలు ప్రయాణం గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఆ దెబ్బ తిన్నది నేనే. డచ్చి వైపున్న లూవెన్ స్టేషన్‌లో నిలబడి, ఫ్రెంచి వైపున్న లియెజ్ వెళ్లే రైలు కోసం చూస్తున్నాను. బోర్డు మీద లియెజ్ అన్న మాటే లేదు. నా కళ్ల ముందే ఒక రైలు వచ్చింది, జనం ఎక్కారు, వెళ్లిపోయింది. పక్కన బెంచీ మీద అల్లుకుంటున్న పెద్దావిడను అడిగితే ఊలు ముడి వదలకుండానే గడ్డంతో బోర్డు చూపించింది: లౌయ్క్. లియెజ్‌కు డచ్చి పేరు అదేనట. తప్పు నాదే.

కారణం తెలిస్తే ఇది పెద్ద విషయం కాదు. 1960ల మొదట్లో బెల్జియంలో భాషల సరిహద్దును చట్టంతో గీశారు. ఉత్తరాన ఫ్లాండర్స్‌లో డచ్చి, దక్షిణాన వలోనియాలో ఫ్రెంచి, తూర్పు అంచున కొద్దిమేర జర్మన్. బ్రస్సెల్స్‌లో మాత్రమే రెండూ. రైలు ఆ గీత దాటగానే ప్రకటనల భాష, ఊళ్ల పేర్లు మారిపోతాయి. మాన్స్ అనే ఊరు డచ్చి బోర్డుల మీద బెర్గెన్. నామ్యూర్ ఊరు నామెన్. అంట్వర్పెన్ ఫ్రెంచిలో ఆన్వేర్. మీరు అనుకుంటున్న బ్రూజ్ కూడా ఫ్రెంచి పేరే. అక్కడ దిగేసరికి బోర్డు మీద బ్రుఖె అని ఉంటుంది. బ్రస్సెల్స్ నుంచి దారిలోని గెంట్‌కు అరగంట, బ్రుఖెకు గంట పడుతుంది. దేశంలో తిరిగే రైళ్లకు సీటు రిజర్వేషన్ ఉండదు, ఖాళీ చూసుకుని కూర్చోవడమే.

ఒక్క మాట. గెంట్, బ్రుఖెలలో మీ ఫ్రెంచి తీయకండి. అక్కడివాళ్లకు ఫ్రెంచి వచ్చు. కానీ ఆ పాత భాషా తగవు మనసులో ఉండటంతో కొందరికి నచ్చదు. ఇంగ్లీషులో మొదలుపెడితే ఎవరికీ నొప్పి లేదు. మెర్సీ (ధన్యవాదాలు) మాత్రం రెండు వైపులా చెల్లుతుంది. డచ్చి మాట్లాడేవాళ్లూ అక్కడ మెర్సీ అనే అంటారు.

వేపచెట్టు:
అమ్మో, బ్రూజ్ అని బోర్డు కోసం చూసేదాన్నే. విమానాశ్రయం నుంచి మిదీకి ఎలా రావాలి? అంకెలు కూడా ఫోనులో నేర్చుకున్నాను, అవైనా పనికొస్తాయా?

నల్లతుమ్మ:
ముందు టికెట్ మీద విమానాశ్రయం పేరు చూడండి. జావెంటెమ్ అయితే అదృష్టం. కింది అంతస్తులోనే రైలు, నార్ (ఉత్తరం), సెంట్రల్, మిదీ స్టేషన్లు వరుసగా వస్తాయి. టికెట్‌లో విమానాశ్రయం రుసుము కలిసే ఉంటుంది. గేటు దగ్గర టికెట్ మళ్లీ చూపాలి, పారేయకండి. చవక విమానాలు కొన్ని "బ్రస్సెల్స్ సౌత్ శార్లెరువా" అని రాస్తాయి. ఆ సౌత్‌ను మీ మిదీ స్టేషన్ అనుకునేరు! అది వేరే నగరం దగ్గర ఉన్న విమానాశ్రయం, అక్కడి నుంచి బస్సులో సుమారు గంట.

అంకెలు పనికొస్తాయి గానీ, ఫోను నేర్పినది ఫ్రాన్సు లెక్క అయి ఉంటుంది. బెల్జియంలో డెబ్బైకి సెప్తాంత్, తొంబైకి నోనాంత్ అంటారు. ఫ్రాన్సులోలాగా "అరవై-పది", "నాలుగు-ఇరవైలు-పది" అని కూడికలు చేయనక్కరలేదు, ఆ హాయి వీళ్లకు ఉంది. డచ్చిలో మాత్రం ఇరవై అయిదును హిందీ పచ్చీస్ లాగా అయిదు ముందు పెట్టి పలుకుతారు. ధర వినగానే డబ్బు తీయకండి, తెరమీది అంకె చూడండి.

బస్సు, ట్రాము, మెట్రో అన్నింటినీ నడిపే సంస్థ ఒకటే. దానికీ రెండు పేర్లే, స్టిబ్, మివ్బ్. ఎక్కేటప్పుడు బ్యాంకు కార్డు యంత్రానికి తాకిస్తే చాలు, రోజుకు ఒక పరిమితి దాటి వసూలు చేయదు. ముగ్గురికీ మూడు వేర్వేరు కార్డులు ఉంచుకోండి. మిదీ స్టేషన్‌లో సామాను మీద కన్నేసి ఉంచండి, జేబుదొంగల బెడద ఉంది.

గోంగూరపచ్చడి:
తిండి గురించి ఎవరూ రాయలేదు, అసలు విషయం అదే కదా. ఆ ఊళ్లో అడుగడుగునా బంగాళాదుంప వేపుడు బళ్లు ఉంటాయి. చూడటానికి శాకాహారమే. కానీ అక్కడి సంప్రదాయం ప్రకారం వాటిని గొడ్డు కొవ్వులో వేయిస్తారు. అన్ని బళ్లూ అలా కావు, కానీ అడగకుండా అమ్మగారి చేతికి ఇవ్వకండి. "ఉయిల్ వెజెతాల్?" అని అడిగితే నూనె రకం చెబుతారు. మయోనీజులో గుడ్డు. వాఫెల్ పిండిలోనూ గుడ్డు. ఊరి నడిబొడ్డున ఉన్న గ్రాండ్ ప్లేస్ అనే పెద్ద చౌకు పక్కన ఫలాఫెల్ అమ్మే వీధి ఉంది, శనగలతో చేస్తారు కాబట్టి అక్కడ నిశ్చింత. చివరికి పెరుగు, రొట్టె, పళ్లు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. కుళాయి నీళ్లు తాగవచ్చు. హోటల్లో మాత్రం నీళ్లు ఉచితంగా వస్తాయనుకోకండి, సీసాకు డబ్బు తీసుకుంటారు. చిల్లర నాణేలు ఉంచుకోండి, చాలాచోట్ల మరుగుదొడ్డికి కూడా చెల్లించాలి.

చిన్న కుక్కర్ తీసుకెళ్తే అడాప్టర్ మర్చిపోవద్దు. మన సన్నటి రెండు పుల్లల ఛార్జర్లు అక్కడి సాకెట్లో పడతాయి, మూడు పుల్లలవి పడవు.

మేడమీద గది:
మోకాళ్ల నొప్పులకు అక్కడి రాళ్లు పరిచిన వీధులు పరీక్షే. గ్రాండ్ ప్లేస్ సెంట్రల్ స్టేషన్‌కు దగ్గర, మెల్లగా నడవండి. సరిసంఖ్య సంవత్సరమైతే ఆగస్టు మధ్యలో అక్కడ పూల తివాచీ పరుస్తారు, తేదీలు చూసుకోండి. మన్నెకెన్ పిస్ (ఉచ్చ పోస్తున్న బాలుడి) విగ్రహం గురించి పెద్దగా ఆశలు పెట్టుకోకండి, అరవై సెంటీమీటర్లు కూడా లేదు. అటోమియం అనే గోళాల కట్టడం (1958 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టింది, 102 మీటర్లు) బయటి నుంచే బాగుంటుంది. లోపల గోళాల మధ్య మెట్లు ఎక్కాలి. మెట్రో 6వ లైను, స్టేషన్ హేసెల్, డచ్చిలో హైజెల్. వాన పడితే యూరోపియన్ పార్లమెంటు వాళ్ల ప్రదర్శనశాల పార్లమెంటారియంకు వెళ్లండి, ప్రవేశం ఉచితం. 24 భాషల్లో వివరిస్తారు, మన తెలుగు లేదు గాని. ఏదైనా అత్యవసరమైతే 112.

వేపచెట్టు:
అందరికీ ధన్యవాదాలు. నాన్న చొక్కా జేబులో పెట్టుకోవడానికి కాగితం మీద రెండు పేర్లూ రాశాను. మిదీ: జౌద్. ఆర్-ల్వా: కున్స్ట్-వెట్. బ్రూజ్: బ్రుఖె. లియెజ్: లౌయ్క్. లూవెన్: లూవాఁ-లా-నవ్. సరిపోయిందా?

మేడమీద గది:
ఆఖరిది కొట్టేయండి. లూవెన్‌కు ఫ్రెంచి పేరు ఒట్టి లూవాఁ. లూవాఁ-లా-నవ్ వేరే ఊరు. 1968లో లూవెన్ విశ్వవిద్యాలయం భాష గొడవతో రెండుగా చీలితే, ఫ్రెంచి సగం కోసం గీతకు అవతల కొత్తగా కట్టిన ఊరు అది. గ్రంథాలయంలో పుస్తకాలను కూడా సరి, బేసి సంఖ్యలుగా పంచుకున్నారు. నాన్నగారు ఒకదానికి బదులు రెండోదాంట్లో దిగితే, మీరు వెతకాల్సింది ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో.