ఎంజీబీ రోడ్‌స్టర్: సిల్స్ పుచ్చిన బండిని కొనొచ్చా?

బడ్జెట్ తక్కువ కాబట్టి క్రోమ్ బంపర్ల బండి జోలికి పోకుండా, 1974 చివర్లో మొదలైన నల్ల రబ్బరు బంపర్ల ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు లేని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) చూస్తున్నాను. ఇంజిన్ గురించి బెంగ లేదు. 1798 సీసీ బి-సిరీస్‌కి స్పేర్ పార్ట్‌లు ఇప్పటికీ దొరుకుతాయి. భయమంతా బాడీ గురించే. దీనికి విడిగా ఛాసిస్ లేదు, పైకప్పు ఆసరా లేదు, అందుకే తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్ అనే రేకు పెట్టెలే బండికి వెన్నెముక. వాటి లోపలి పొరలు తుప్పుతో పుచ్చిపోయినా పైన కొత్త రేకు వెల్డ్ చేసి, రంగు కొట్టి అమ్మేస్తుంటారు.

చూసిన బండిలో డ్రైవర్ తలుపు వెనక అంచుకీ బాడీకీ మధ్య సందు కింద వెడల్పుగా, పైకి వచ్చేసరికి బ్లేడు పట్టేంత సన్నగా ఉంది. జాకీతో లేపితే ఇంకా మూసుకుపోయింది, అంటే బాడీ మధ్యలో కుంగినట్టే. సిల్ మీద అయస్కాంతం చాలాచోట్ల అంటుకోలేదు, అంటే లోపల పుట్టీయే.

కార్పెట్ ఎత్తి ఫ్లోర్ అంచు చూస్తే లోపలి సిల్ సంగతి తేలిపోతుందా, బోర్‌స్కోప్ (సన్నటి గొట్టం కెమెరా) లోపలికి పెట్టాల్సిందేనా? పాత సిల్ కోసే ముందు బాడీ వంగకుండా తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప బద్దీ వెల్డ్ చేయాలని తెలుసు. కానీ ఇప్పటికే ఇంత కుంగిన బాడీని మళ్లీ సరైన కొలతకు తెచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎక్కడ ఆసరా పెట్టి లేపారో దయచేసి చెప్పండి.