2.5 మీటర్ల పొడవున్న ఎయిర్‌బస్ ఏ320 మోడల్: రెక్క చివర, బరువు లెక్క

తిరుపతిలో ఫోమ్‌తో రిమోట్ మీద ఎగిరే ఏ320 మోడల్‌ని 1:15 స్కేలులో మొదలుపెట్టా. రెక్కల కొస నుంచి కొసకు 2.27 మీటర్లు. 90 ఎంఎం ఈడీఎఫ్‌లు (గొట్టంలో తిరిగే ఎలక్ట్రిక్ ఫ్యాన్లు) రెండు, 6ఎస్ (ఆరు సెల్‌ల) బ్యాటరీలు. బరువు ఎంతలో ఆపాలన్నా?

— రెక్క విస్తీర్ణం దాదాపు 54 చదరపు డెసిమీటర్లు. 6 కిలోలకే చదరపు డెసిమీటరుకు 110 గ్రాములు పడుతుంది, అక్కడే ఆపు. అసలు చిక్కు రెక్క చివరలో. వెనక్కి వాలిన రెక్క కాబట్టి ల్యాండింగ్‌లో వేగం తగ్గితే మొదట రెక్క చివరే స్టాలవుతుంది (లిఫ్ట్ కోల్పోతుంది), విమానం ఒక పక్కకు తిరగబడుతుంది. చివర వెనక అంచు పైకి లేచేలా 2–3 డిగ్రీల వాషవుట్ (రెక్కలో మెలి) పెట్టు. సీజీ (బరువు కేంద్రం) సగటు కార్డ్‌లో (రెక్క ముందు అంచు నుంచి వెనక అంచుకు ఉండే వెడల్పు) ముందు నుంచి 25 శాతం దగ్గర. దాన్ని రూట్ కార్డ్ (రెక్క మొదట్లోని వెడల్పు) మీద కొలిచేవాళ్లే ఎక్కువ!

— ఈఎస్‌సీలు (మోటారు వేగాన్ని నియంత్రించే సర్క్యూట్లు) నాసెల్‌లో (ఇంజిన్ తొడుగులో), బ్యాటరీలు ముక్కులో పెడితే మధ్య వైరు పొడవవుతుంది. ఈఎస్‌సీ దగ్గర లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువున్న) కెపాసిటర్లు అతికించాలి, లేకుంటే వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు ఈఎస్‌సీ కాలిపోతుంది.

— మామూలు సూపర్‌గ్లూ ఫోమ్‌ను తినేస్తుంది, ఫోమ్‌సేఫ్ రకమే వాడండి. మన ఎండకు మూసిన కారులో రెక్క వదిలితే వంకర పోతుంది, వాషవుట్ మళ్లీ కొలవాల్సిందే. రేణిగుంట ఎయిర్‌పోర్టు పక్కనే కదా, డిజిటల్ స్కై (డీజీసీఏ డ్రోన్ల వెబ్‌సైటు) మ్యాపులో జోన్ చూశాకే మైదానం ఎంచుకోండి.