మంచు కురిసిందా, రాలిందా?

నిన్న ఇక్కడ ఒకరు అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. "చిన్నప్పుడు మంచులో కుక్కతో ఆడుకున్నాం" అని రాస్తే చదివేవాళ్ళకి తెల్లవారుజామున దారి కనిపించకుండా కమ్ముకునే పొగమంచు గుర్తొస్తోందట, ఆకాశం నుంచి పడే తెల్లటి మంచుకి వేరే మాట లేదా అని. జవాబుల్లో చాలామంది హిమం, తుహినం, తుషారం, నీహారం అని వరస పెట్టారు. అందమైన మాటలే, కాదనను. కానీ అమరకోశం వీటన్నిటినీ ఒకే చోట పర్యాయపదాలుగా చెప్పింది కాబట్టి వాటితోనూ చిక్కు విడదు. పైగా కుక్క వెనక పరిగెత్తిన సంగతి చెబుతూ "హిమపాతంలో" అంటే వాతావరణ వార్తలు చదువుతున్నట్టుంటుంది, అందులో పిల్లలూ ఉండరు, కుక్కా ఉండదు.

నన్నడిగితే మంచు అన్న మాటే చాలు, తేడా అంతా క్రియలో ఉంది. పొగమంచు కమ్ముకుంటుంది, ఎండ రాగానే విడిపోతుంది. ఇదేమో పేరుకుంటుంది, గడ్డకడుతుంది, దీన్ని తవ్వచ్చు, పిడికిట్లోకి తీసుకోవచ్చు, ఇందులో పడి పొర్లచ్చు. "మోకాలిదాకా పేరుకున్న మంచులో కుక్క పొర్లుతోంది" అని రాయండి, ఎవరికీ పొగమంచు గుర్తురాదు.

కురవడమా, రాలడమా అని కూడా అడిగారు కదా. రెండూ కావాలి. గాలి లేని రోజు, చలి మరీ ఎక్కువ లేనప్పుడు, స్ఫటికాలు ఒకదానికొకటి అంటుకుని పెద్దపెద్దవిగా తాపీగా దిగుతాయి, అప్పుడది రాలడమే. అందుకే ఒక్కోదాన్ని "మంచు రేకు" అనడం నాకిష్టం. ఎవరో "పలుకు" అన్నారు, పలుకు అంటే గట్టిగా ఉండాలి కదా, వడగళ్ళకైతే సరిపోతుందేమో. కళ్ళు తెరవలేనంత జోరుగా పడుతుంటే మాత్రం కురవడమే.

తడి మంచు, పొడి మంచు అన్న తేడా నాకు మా కుక్క నేర్పింది. సున్నా డిగ్రీలకి దగ్గరగా ఉన్న రోజు మంచులో కాస్త నీరుంటుంది, ఉండ చేస్తే నిలుస్తుంది. ఆ రోజుల్లో దాని కాళ్ళ బొచ్చుకీ, వేళ్ళ సందుల్లోకీ చిన్నచిన్న ఉండలు పట్టేసేవి, నడవలేక కుంటుతూ వచ్చి పాదం ముందుకి చాపేది, అన్నయ్యా నేనూ చేతుల వేడితో ఒక్కొక్కటీ కరిగించి తీసేవాళ్ళం. గట్టి చలి రోజుల్లో మంచు పిండిలా పొడిపొడిగా ఉండేది, ఉండ కట్టేది కాదు. అప్పుడు అది ఒక్కసారి ఒళ్ళు విదిలిస్తే మొత్తం రాలిపోయేది. ఈ "విదిలించడం" ఎంత మంచి మాటో చూడండి, దులుపుకోవడం అంటే ఆ ఊపు రాదు.

ఇంకో మాట మోర. కుక్క ముఖాన్ని మూతి అంటున్నాం, బాగానే ఉంది, కానీ నేను విసిరిన మంచు ఉండ మంచులోనే పడి కలిసిపోతే, అది ఎక్కడికి పోయిందో తెలియక చెవులదాకా తలదూర్చి వెతికి, దొరక్క, తెల్లగా మంచంటిన మోర ఎత్తి నా వైపు చూసేది చూశారా, అక్కడ మూతి అని రాయలేను. అది వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ మంచు పడిన పొద్దున ఆ నిశ్శబ్దం వింటే (కొత్త మంచు గుల్లగా ఉండి శబ్దాన్ని పీల్చేసుకుంటుంది) దాని గజ్జెల పట్టీ చప్పుడు కోసం చెవులు రిక్కిస్తాను.

ఇప్పుడు నా సందేహం. పగలు పైపైన కరిగి, రాత్రికి మళ్ళీ గడ్డకట్టిన పొర ఉంటుంది కదా, లోపలంతా మెత్తగా, పైన మాత్రం గట్టిగా. తేలికగా ఉండేది కాబట్టి కుక్క దాని మీద పరిగెత్తేది, నేను అడుగు వేయగానే ఫట్‌మని పగిలి కాలు లోపలికి దిగబడేది. ఆ పొరని ఏమంటారు? గోడకి ఊడేదాన్ని పెచ్చు అంటాం కాబట్టి నేను "మంచు పెచ్చు" అంటున్నాను, అన్నయ్య "పెంకు" అంటాడు. మీరు వాడే మాట ఉంటే చెప్పండి.