గ్రామసభను వీడియో తీసి ఊరి గ్రూపులో పెట్టాలా, వద్దా?

మానేరు:
మా పంచాయతీలో గ్రామసభ జరిగినట్టు తీర్మానాల పుస్తకంలో ఉంది. చాటింపు వేయలేదు, జనం కూడలేదు. తర్వాత ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకున్నారు. తెలంగాణ 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి సభ పెట్టాలి, పెట్టని సర్పంచ్‌కు పదవే పోతుంది. ఆ భయంతో సభను కాగితం మీద జరిపించేస్తున్నారు. అందుకే సభ మొత్తం వీడియో తీసి, ఆ రోజే ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడం తప్పనిసరి చేయాలి. వీడియో లేని తీర్మానం చెల్లకూడదు.

పల్లెవెలుగు:
నేను ఒప్పుకోనండీ. ఉపాధి హామీ మస్టర్లలో, అంటే కూలీల హాజరు పట్టీల్లో, దొంగ పేర్లున్నాయని చెప్పడానికే కూలీలు భయపడతారు. ఎదురుగా ఫోన్ పట్టుకుని నిలబడితే అసలు నోరు విప్పరు. పింఛను ఎక్కడ ఆపేస్తారోనని ముసలివాళ్లకు ఎంత టెన్షన్ ఉంటుందో ఆలోచించారా?

మానేరు:
భయం నిజమే. కానీ ఎవరికీ తెలియకుండా రాసేసిన సభ వాళ్లనేమైనా కాపాడుతోందా?

మాజీ కార్యదర్శి:
మీరిద్దరూ వీడియో దగ్గరే ఆగిపోయారు. అసలు పని సభకు ముందు జరగాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ కింద వచ్చిన సామాజిక తనిఖీని చూడండి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లోనే మొదలైంది. తనిఖీ బృందం ముందు రికార్డులు తీసుకుంటుంది. తర్వాత ఇంటింటికీ వెళ్లి, ‘మీ పేరు మీద ఇన్ని రోజుల పని రాశారు, ఇంత కూలీ చూపించారు, అందిందా?’ అని అడుగుతుంది. ఆ తర్వాతే గ్రామసభ, మండలంలో అందరి ముందూ విచారణ జరిపే ప్రజావేదిక. తేడా ముందే రికార్డులో తేలిపోతుంది కాబట్టి, కూలీ ఒక్కడే లేచి ఎవరినో వేలెత్తి చూపాల్సిన అవసరం రాదు.

పంచాయతీ లెక్కలకూ ఇదే పద్ధతి కావాలి. ఆర్థిక సంఘం నిధులు ఎంత వచ్చాయి, ఏ పనికి ఎవరికి బిల్లు చెల్లించారు అన్నది సభకు వారం ముందే నోటీసు బోర్డుకు అంటించాలి. ఎవరూ అడక్కుండానే వెల్లడించాలని సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ 2005 నుంచీ చెబుతూనే ఉంది. ఇంకో మాట, నాట్ల రోజుల్లో పొద్దున 11 గంటలకు సభ పెడితే ఎవరొస్తారు? రాత్రి అన్నాలు తిన్నాక పెట్టండి.

గోదారిగట్టు:
ఆంధ్రలో 2024 ఆగస్టు 23న ఒకేరోజు 13,326 పంచాయతీల్లో సభలు పెట్టారు. తేదీ ముందే తెలిసింది కాబట్టి మా ఊళ్లో జనం బాగానే వచ్చారు. ఏడాది మొత్తానికీ తేదీలు ముందే ప్రకటిస్తే మేలు.

మానేరు:
తేదీలు, లెక్కల కాగితం, రాత్రి సభ, అన్నిటికీ సరే. వీడియో మాత్రం వదలను. మా దగ్గర 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. పదవి పోతుందన్న నిబంధన ఆ రోజుల్లో ఎవరి మీద పనిచేసినట్టు? ఎవరు సభ నడిపినా ఆధారం మిగలాలి. పల్లెవెలుగు గారూ, జనం ముఖాలు చూపించకుండా వేదికను మాత్రమే తీస్తే మీకేమైనా అభ్యంతరమా?

పల్లెవెలుగు:
ఊళ్లో గొంతు విన్నా గుర్తుపట్టేస్తారండీ. లెక్కలు చదివేటప్పుడు తీయండి, తీర్మానం చదివేటప్పుడు మళ్లీ తీయండి. మధ్యలో జనం మాట్లాడుతున్నంతసేపూ ఆపేయండి. అంతకు మించి ఒప్పుకోను.